ఏ కాయ కోతలని అడగలేదు

గర్భిణి వివరాలు నమోదు చేసేటప్పుడు మీ చేతిలోని ట్యాబు ఆఖరి నెలసరి తేదీ అడుగుతుంది. ఆ గడి నింపకపోతే ముందుకు కదలదు. తెలియదు అని రాయడానికి అందులో చోటు లేదు. ఈ మధ్యే మీలా ఏఎన్ఎం నర్సులుగా చేరిన పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆ ట్యాబును తిట్టిపోస్తుంటారు. నేనూ తిట్టాను, మీకంటే పెద్ద గొంతుతోనే. కానీ అందులో తప్పుడు తేదీ నొక్కిన వేలు నాది. నా రిటైర్మెంటు సభలో శాలువా కప్పి, నేనెంత గొప్పదాన్నో నాకే నమ్మకం కలిగేటట్టు చెప్పారు. వాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. మీకు పనికొస్తుందని రాస్తున్నాను, పేర్లు మాత్రం ఎవరివీ రాయను.

ముసునూరు వైపు ఒక సబ్ సెంటర్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. నాలుగు ఊళ్లు, వాటి మధ్య మామిడి తోటలు నా కిందికి వచ్చేవి. తోటల్లో కాపలా ఉండే కుటుంబాలు ఊరికి దూరంగా, చెట్ల మధ్య రేకుల షెడ్లలో ఉంటాయి. గట్టి వాన పడితే ఆ దారుల్లోకి ఆటో రాదు. అంబులెన్సు తోట గేటు దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మనిషిని మంచం మీద మోసుకురావాల్సిందే.

ఆ అమ్మాయిది అలాంటి షెడ్డే. భర్త, అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. మనిషి బక్కపల్చగా ఉండేది, మాట కూడా అంతే పల్చగా వచ్చేది. మొదటి కాన్పుకి నొప్పులు మొదలైన గంటకే షెడ్డులో బిడ్డ పుట్టేసింది. అంబులెన్సుకి ఫోన్ చేసిన అత్తగారే బొడ్డు కోయాల్సొచ్చింది. రెండో కాన్పుకి జాగ్రత్తపడి నొప్పి తెలియగానే ఆటో ఎక్కించారు. హనుమాన్ జంక్షన్‌లో లారీల మధ్య ఆటో ఇరుక్కుంది. డ్రైవరు పరిగెత్తుకెళ్లి టిఫిన్ బండి ఆడవాళ్లని పిలుచుకొస్తే, వాళ్లు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. బిడ్డ బాగానే ఉంది గానీ తల్లికి రక్తం ఆగలేదు. మూడు సీసాల రక్తం ఎక్కించాక గానీ ఆమె కళ్లు తెరవలేదు. మూడోసారి ఇలా జరిగితే నేను చెప్పలేనని అక్కడి డాక్టరు అత్తగారితో అన్నారట. అత్తగారు ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

మూడోసారి కడుపుతో ఉన్న సంగతి నాకు అయిదో నెలలో తెలిసింది. కోతలు అయిపోగానే వాళ్లు ఉంగుటూరు వైపు నాట్లకి వెళ్లారు. అక్కడ పుట్టింటి వాళ్ల దగ్గర ఉండి తిరిగొచ్చేసరికి పొట్ట తెలుస్తోంది. తొలి నెలల్లో తీయాల్సిన స్కానింగు లేదు. సబ్ సెంటర్ అరుగు మీద కూర్చోబెట్టి ట్యాబు తెరిచాను.

"ఆఖరుసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?"

"తేదీలు నాకేం తెలుసండి. కోతలు అయిపోయిన వారం స్నానం చేశానండి. మళ్లీ లేదు."

మా ప్రాంతంలో ఆడవాళ్లు నెలల్ని అలాగే చెబుతారు. పూత మందు కొట్టేటప్పుడనో, పిందె రాలేటప్పుడనో, కోతలప్పుడనో అంటారు. దాన్ని తేదీగా మార్చుకోవడం మన పని. నేను ఆ పనిలో ఆరితేరినదాన్నని పేరు కూడా ఉంది. మా మామగారికి ఆరెకరాల బంగినపల్లి తోట ఉండేది. ఆ కోతలు మే నెలాఖరుకి అయిపోయేవి, దాంతో మాకు వేసవి అయిపోయినట్టే. గుజ్జు ఫ్యాక్టరీకి తోలే కలెక్టర్ రకం కాయని మా ఇంట్లో ఎవరూ కాయగా లెక్కపెట్టేవాళ్లు కాదు. మే నెలాఖరు తేదీ నొక్కేశాను. ట్యాబు సంతోషంగా ముందుకు కదిలింది. మొత్తం కలిపి నిమిషం పట్టి ఉంటుంది.

అంతకు ముందు వారమే మా సూపర్‌వైజరు అందరి ముందూ నా కార్డులు తిరగేసి, "ఇంత సర్వీసుండి తేదీల దగ్గర ఈ తడుములాటేంటమ్మా?" అంది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. మళ్లీ తడుముకోకూడదని నిర్ణయించుకుని ఉన్నాను.

ఫిబ్రవరిలో, పిందె పట్టే రోజుల్లో, ఆ అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. మా ఆశా కార్యకర్త కూడా వచ్చింది. ఆ రోజు గర్భిణుల పరీక్షలు. డాక్టరమ్మ కొత్తగా వచ్చిన పిల్ల. పుస్తకం ఇంకా చేతిలోంచి దిగని వయసు, ప్రతిదీ రెండుసార్లు అడుగుతుంది. మా సీనియర్ నర్సులం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఆమె కార్డు చూసింది, ఏడో నెలలో తీసిన స్కానింగు కాగితం చూసింది, మళ్లీ కార్డు చూసింది.

"సిస్టర్, కార్డు ప్రకారం ముప్ఫై ఎనిమిది వారాలు నిండాయి. స్కానింగు ప్రకారం ముప్ఫై ఐదు కూడా నిండలేదు. ఆలస్యంగా తీసిన స్కానింగు మూడు వారాలు అటూ ఇటూ చూపిస్తుంది. దాన్ని నేను పూర్తిగా నమ్మలేను. ఈ తేదీ గ్యారంటీయేనా?"

బల్ల పక్కనే మా సూపర్‌వైజరు కూర్చుని ఉంది.

"గ్యారంటీ అండి. నేనే అడిగి రాశాను," అన్నాను.

డాక్టరమ్మ అంతటితో ఊరుకోలేదు. ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఏమ్మా, నీకు గుర్తుందా ఎప్పుడో?" అని అడిగింది.

ఆ అమ్మాయి నావైపు చూసింది. "సిస్టరు గారు రాసిందేనండి," అంది.

తర్వాత ఆ డాక్టరమ్మ మా అందరికీ వినపడేటట్టు తనలో తానే వాదించుకుంది. ఆ మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "మొదటిది గంటలో అయిపోయింది. రెండోది ఇంకా తక్కువలో. నొప్పులొచ్చాక బయల్దేరితే ఈసారీ దారిలోనే. ఇంటికి పంపితే ప్రాణం మీదికి తెస్తున్నట్టే. వార్డులో ఉంచి ఎదురుచూద్దామంటే చంటిపిల్లని వదిలి ఉండనంటోంది. నెలలు నిండితే మాత్రం, నేనున్నప్పుడు, రక్తం సిద్ధంగా పెట్టుకుని, మనమే నొప్పులు తెప్పించడం మేలు. కానీ ఈమెకి మందు పడితే నొప్పులు ఉరుకుతాయి. ఆ ఉరుకుడు తట్టుకోవాలంటే బిడ్డ గట్టిగా ఉండాలి." మళ్లీ నావైపు చూసింది. నేను తల ఊపాను. మధ్యాహ్నం రెండింటికి మాత్ర మొదలుపెడదామని రాసింది.

ఉదయం పదకొండున్నరకి నేనూ, ఆశా ఆసుపత్రి గేటు బయట టీ తాగుతున్నాం. ఆమె ఊదుకుంటూ ఊదుకుంటూ, "మేడం, ఒక మాటండి. ఆ అమ్మాయి వాళ్లుండే తోటలో బంగినపల్లి చెట్టు ఒక్కటి కూడా లేదండి. మొత్తం కలెక్టరే," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక టీ గ్లాసు కింద పెట్టేశాను.

"మా పుట్టిల్లు ఆ పక్కనే గదండి. కిందటేడు అక్కడ కోతలు జూన్ చివరిదాకా సాగినయ్యి. ఫ్యాక్టరీ లారీలు మా గుమ్మం ముందునుంచే పోయినయ్యి."

"ఇప్పుడా చెప్పేది?" అని అరిచాను.

"లోపల చెబుదామనే మీ కొంగు లాగానండి. మీరు చెయ్యి విదిలించుకున్నారు."

నిజమే, విదిలించుకున్నాను. సూపర్‌వైజరు చూస్తోందని.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. మీరు ఎప్పుడైనా ఇలాంటి చోట నిలబడతారు, అందుకే ఇదంతా చెబుతున్నది. నాకు రెండున్నర గంటల టైముంది. నడిచి వెళ్తే డాక్టరమ్మ గది ఇరవై అడుగులు. వెళ్లి, "మేడం, తేదీ తప్పు రాశాను, నెల తేడా ఉంది," అంటే చాలు. నేను వెళ్లాను కూడా. గది ముందు క్యూ ఉంది. లోపల సూపర్‌వైజరు ఇంకా అక్కడే కూర్చుని ఏదో రాసుకుంటోంది. పొద్దున గ్యారంటీ అని చెప్పిన నోటితో ఇప్పుడు ఏం చెప్పను? తలుపు దగ్గర నిలబడి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆశా పొరపాటు పడి ఉండొచ్చు. కోతలంటే ఆ పిల్ల ఊళ్లో కోతల గురించే అని ఉండొచ్చు. అయినా ముప్ఫై ఐదు వారాల పిల్లలు ఎంతమంది బతకలేదు? మా ఆడపడుచు కొడుకు ఎనిమిదో నెలలో పుట్టి ఇప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు. ఇంటికి పంపిస్తే తోటలో రక్తం పోయి చచ్చిపోతుంది, అంతకంటే ఇదే నయం. ప్రతి మాటా విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపితే నేనొక పిరికిదాన్నని తేలుతుంది. వార్డుకి వెళ్లి ఆ అమ్మాయినైనా ఏ తోటలో కోతలమ్మా అని అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా.

రెండింటికి మాత్ర వేశారు, చాలా చిన్న మోతాదులో. రెండున్నరకి నొప్పులు మొదలయ్యాయి. మూడూ ఇరవైకల్లా బిడ్డ బయటపడింది. మాత్ర అరిగిందో లేదో కూడా తెలియదు. నొప్పికి నొప్పికి మధ్య ఆ అమ్మాయికి ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. నా చెయ్యి పట్టుకుని, "మీరున్నారు గదండి, మీరున్నారు గదండి," అంటూనే ఉంది. తల్లికి రక్తం పెద్దగా పోలేదు. అది డాక్టరమ్మ జాగ్రత్త వల్ల. అందుకు ఆమెకి చేతులెత్తి మొక్కాలి.

మగబిడ్డ. ఏడ్చాడు గానీ పిల్లిపిల్ల అరిచినట్టుంది. తూకం రెండు కిలోలకి బాగా తక్కువ. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి, ప్రతి ఊపిరికీ మూలుగుతున్నాడు. డాక్టరమ్మ వాడి పాదాలు తిప్పి చూసింది. నెలలు నిండిన బిడ్డ అరికాలు నిండా గీతలుంటాయి. ఈ బిడ్డకి వేళ్ల దగ్గర ఒకటో రెండో గీతలు, మిగతాదంతా నున్నగా ఉంది. ఆమె తలెత్తి నావైపు చూసింది. ఆక్సిజన్ పెట్టి, విజయవాడకి అంబులెన్సు పిలవమంది.

అంబులెన్సులో బిడ్డతో నేనే వెళ్లాను. తండ్రి నా ఎదురుగా కూర్చున్నాడు. మగపిల్లాడు పుట్టాడన్న సంతోషం అతని మొహంలో ఇంకా పూర్తిగా పోలేదు. "బతికేస్తాడు గదండి?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. బతుకుతాడయ్యా అన్నాను. అక్కడి వార్డులో గొట్టాలు పెట్టారు, మిషన్ మీద ఉంచారు. మూడో రోజు పొద్దున పోయాడు. తల్లి ఇంకా మా ఆసుపత్రి మంచం మీదే ఉంది. ఆ మూడు రోజుల్లో బిడ్డని చేత్తో తాకింది కూడా లేదు.

డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది. "సిస్టర్, తేదీ మీద అనుమానం ఉందని ఒక్క మాట చెప్పుంటే మందు జోలికే వెళ్లేదాన్ని కాదు. ఆమె ఒప్పుకోకపోయినా బతిమాలి నెలరోజులు ఇక్కడే పడుకోబెట్టేదాన్ని. మీకు ముందే తెలుసా?"

"తెలియదండి," అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నా కళ్లలో లేవు. నాకు అప్పటికి భయం తప్ప ఇంకేమీ లేదు.

బిడ్డ పోతే సమీక్ష జరుగుతుందని మీకు తెలుసు. తల్లిని ఇంకా ఇంటికి పంపకముందే పెట్టారు. పెద్దాఫీసరు, సూపర్‌వైజరు, డాక్టరమ్మ, నేను. తేదీ గురించి సిస్టర్‌నీ తల్లినీ ఇద్దర్నీ అడిగానని, ఇద్దరూ ఒకే మాట చెప్పారని, అయినా నిర్ణయం తనదేనని డాక్టరమ్మ చెప్పింది. ఆఫీసరు నావైపు తిరిగి, "ఆ తేదీ ఎవరు చెప్పారమ్మా?" అన్నారు.

"తల్లి చెప్పిందేనండి."

అక్షరాలా చూస్తే అబద్ధం కూడా కాదు. కోతలు అయిపోయిన వారమని తల్లే కదా చెప్పింది. ఫైల్లో రాసేశారు, తల్లి తప్పు తేదీ చెప్పడం వలన అని. ఆఫీసరు, "ఇందుకే వీళ్లకి కాస్త చదువుండాలి," అన్నారు. సూపర్‌వైజరు అవునంది. నేనూ అవునన్నాననే అనుకుంటున్నాను. నాకు మెమో రాలేదు. డాక్టరమ్మ ఆరు నెలలు తిరక్కుండా బదిలీ అడిగి వెళ్లిపోయింది. ఆ సమీక్షకి ఆశాని పిలవలేదు. పిలవకపోయినా జరిగింది ఆమెకి తెలిసింది. ఆ తర్వాత ఆమె నాతో కలిసి టీ తాగలేదు. డ్యూటీకి వచ్చేది, అడిగినదానికి బదులు చెప్పేది, వెళ్లిపోయేది.

నేను చర్చికి వెళ్లే మనిషిని. ఈస్టరుకి ముందు పాపసంకీర్తనంలో ఫాదర్ గారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ప్రార్థనలు చెప్పమన్నారు, చెప్పాను. జాలీ తలుపు వెనక, మొహం కనపడకుండా చెప్పడం తేలిక. చెప్పాల్సిన చోట అది కాదని నాకు అప్పుడే తెలుసు.

మరుసటి ఏడు, నా రిటైర్మెంటు ఇంకో రెండు నెలలుందనగా, ఆ అమ్మాయి సబ్ సెంటర్‌కి ఒక్కతే నడిచొచ్చింది. మళ్లీ నెల తప్పింది. ఆ నాలుగో కాన్పు సంగతి ముందే చెప్పేస్తాను. కొత్త డాక్టరు ఎనిమిదో నెల చివర్లోనే వార్డులో చేర్చుకుని, నెలలు నిండాకే నొప్పులు తెప్పించారు, ఆడపిల్ల క్షేమంగా పుట్టింది. నేను అప్పటికి రిటైరయ్యాను.

ఆ రోజు ఆమె కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన క్యాలెండర్ కాగితాలు తీసింది. బిడ్డ పోయిన దగ్గర్నుంచీ ప్రతి నెలా ఒక గడిలో కుంకుమ బొట్టుంది. చదువు రాదు కాబట్టి, ఆ పూట తేదీ ఏ గడిలో ఉందో పెద్దకూతుర్ని అడిగి పెట్టుకుందట.

"ఈసారి తప్పు చెప్పనండి," అంది. "కిందటిసారి నేను తప్పు చెప్పబట్టే గదండీ పిల్లోడు పోయింది. కాగితంలో అట్టాగే రాశారంటగా, మా ఆయనకి ఎవరో చెప్పారు."

ఆశా లోపల మందుల పెట్టె సర్దుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

నేను చెప్పేశాను. ధైర్యం వచ్చి కాదు, ఆ బొట్లు చూశాక నోరు మూసుకుని ఉండటం నావల్ల కాలేదు. "నువ్వు సరిగ్గానే చెప్పావమ్మా. ఏ తోట కోతలని నేను అడగలేదు. తప్పు నాది. మాత్ర వేయకముందే తెలిసింది, అయినా నోరు విప్పలేదు," అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె క్యాలెండర్ కాగితాలు మళ్లీ మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత, "ఈ మాట నాకు చెబితే ఏం లాభమండి? మా ఇంటికొచ్చి చెప్పండి," అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఆశా పిలవకుండానే నాతో వచ్చింది. తోటలో కాయ నిండుగా ఉంది, కోతలు ఇంకా మొదలవలేదు. భర్త చెట్టు కింద కాయలు కోసే చిక్కం కర్రకి కొత్త వల కడుతున్నాడు. అత్తగారు కుక్కి మంచం వాల్చి, మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా. టీ కొట్టు దగ్గర తెలిసిన సంగతి చెప్పాను, డాక్టరమ్మ గది తలుపు దగ్గరినుంచి వెనక్కొచ్చిన సంగతి చెప్పాను, సమీక్షలో అన్న మాట కూడా చెప్పాను.

భర్త తలెత్తలేదు. వల ముడి వేస్తున్న చేతులు మాత్రం ఆగిపోయాయి. అంబులెన్సులో నన్ను అన్నిసార్లు అడిగిన మనిషి ఇప్పుడు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఏడుద్దామని కూర్చుందండి," అంది అత్తగారు. "చేతులారా చంపుకున్నదానివి, నీకెందుకే ఏడుపు అన్నాను. మా వాడూ అదే అన్నాడు. మళ్లీ ఏడవలేదండి. రాయి మనిషి అనుకున్నాం."

ఆ అమ్మాయి గుమ్మంలోనే కూలబడింది. పల్చటి మాట తప్ప ఎప్పుడూ వినని ఆ గొంతులోంచి అంత పెద్ద ఏడుపు వస్తుందని నేను అనుకోలేదు. అత్తగారు వెళ్లి పక్కన కూర్చుంది. భర్త చిక్కం కింద పెట్టి లేచి నిలబడ్డాడు, ఎటు వెళ్లాలో తెలియనట్టు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. పోయిన బిడ్డ కోసం ఆ తల్లి ఏడవడం అదే మొదటిసారి. పద్నాలుగు నెలలు ఆ ఏడుపుని ఆపి ఉంచింది నేను.